క్రమము తప్పిన సంచికలు: అనియతకాలిక పత్రికల చందాలెక్కను కంప్యూటరున నిలుపు విధము

ఏలూరునకు ఉత్తరమున నున్న పెదవేగి పూర్వము వేంగీపురమని ప్రసిద్ధిగన్న రాజధాని. చిత్రరథస్వామి పాదభక్తులమని చెప్పుకొన్న శాలంకాయన రాజులు తమ దానశాసనములను ఈ పురమునుండియే వెలువరించిరి. ఆ రాజుల చరిత్ర నేడు మనకు తెలియుటకు రాగిరేకులెంత కారణమో, ఆ రేకులను చదివి అచ్చొత్తించిన పత్రికల సంచికలును అంతే కారణము. కొల్లేటి శాసనమని పేరొందిన నందివర్మ దానపత్రమును ఫ్లీటు దొర 1876లో ఇండియన్ యాంటిక్వరీ అయిదవ సంపుటమున ప్రకటించెను. ఏలూరు శాసనమనబడు దేవవర్మ ప్రాకృతశాసనము హుల్ట్‌జ్ పండితుని పరిష్కరణముతో ఎపిగ్రాఫియా ఇండికా తొమ్మిదవ సంపుటమున వెలసినది. రెండవ నందివర్మ పెదవేగి శాసనము రాజమహేంద్రవరమునందలి ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పత్రిక మొదటి సంపుటమున కలదు. 1980ల దశాబ్దిలో పెదవేగియందు పురావస్తుశాఖవారు జరపిన త్రవ్వకముల వృత్తాంతమునకు ఇండియన్ ఆర్కియాలజీ – ఎ రివ్యూ అను వార్షికమును చూడవలయును.

ఒక్క గ్రామచరిత్రకు నాలుగు పత్రికలు ఆకరములైనవి. ఈ నాలుగింటిలో ఒక్కటియు పంచాంగమువలె తప్పక నడచినది కాదు. ఒకటి నిలిచిపోయి, పేరు మార్చుకొని, వేరొక సంఖ్యతో మరల పుట్టినది. ఒకదాని పైయట్టపై అచ్చైన సంవత్సరము వేరు, అది నిజముగా వెలువడిన సంవత్సరము వేరు. ఒకదానిలో రెండు మూడు భాగములు కలసి యొకే కట్టగా వచ్చుట కలదు. మరియొకటి తాను వర్ణించు సంవత్సరము గడచిన చాలయేండ్లకుగాని చేతికి రాదు. పరిశోధకునకు కావలసిన పత్రికలు తఱచుగా ఇట్టివే. విద్వత్సభలకు ధనము తక్కువ, వ్రాయువారు తక్కువ, ముద్రణాలయము పరాధీనము. కావున గ్రంథాలయాధికారికి ఇట్టి పత్రికల చందాలను, రాకను, లోపములను లెక్కవ్రాసి యుంచుట కేవలము గుమాస్తాపని కాదు. అది పరిశోధనకు పునాది.

నేడు మన జిల్లా గ్రంథాలయములును కళాశాలలును ఈ లెక్కను కాగితముపైనుండి కంప్యూటరునకు మార్చుచున్నవి. మార్చునప్పుడు జరుగు పొరపాట్లలో మిక్కిలి హానికరమైనది ఒకటి కలదు. ‘సంచిక వెలువడలేదు’ అనుటయు, ‘సంచిక మాకు రాలేదు’ అనుటయు వేర్వేరు వాక్యములు. మొదటిది పత్రికను గూర్చినది. రెండవది గ్రంథాలయమును గూర్చినది. ఈ రెండును ఒకే గడిలో పడినచో, కొంతకాలమునకు ఉన్న సంచిక లేనిదియు, లేని సంచిక ఉన్నదియు నగును. ఈ భేదమును నిలుపుకొనుటకై సాఫ్ట్‌వేరును ఎట్లు వాడవలయునో వివరించుట ఈ వ్యాసమున ఉద్దేశము.

అనియతి భేదములు

అనియతి అనగా ఒక్కటే దోషము కాదు. దానిని విభజించి చూచిననేగాని చికిత్స కుదురదు.

మొదటిది ఆలస్యము. సంఖ్యలు వరుసగనే యుండును, కాలము మాత్రము తప్పును. త్రైమాసికమని చెప్పుకొనుచు ఆఱు నెలలు వెనుకబడి నడచు పత్రికలు మనకు క్రొత్తకావు. రెండవది సంయోగము. మూడవ, నాలుగవ సంచికలు కలసి జంటసంచికగా వచ్చును. సంఖ్యలు రెండు, పుస్తకము ఒకటి. మూడవది ఆధిక్యము. సంవత్సరాది సంచిక, సన్మాన సంచిక, సూచీపత్రము, అనుబంధము మొదలైనవి లెక్కకు వెలియై వచ్చును. నాలుగవది లోపము. ఒక సంఖ్య యెన్నడును అచ్చుపడలేదు. అయిదవది విరామము. పత్రిక కొన్నియేండ్లు నిలిచి మరల మొదలగును. సంఖ్య పాతదానిని అనుసరింపవచ్చును, మరల ఒకటినుండి యారంభము కావచ్చును. ఆఱవది నామాంతరము, ఇందు పేరే మారును.

ఉదాహరణములు మనకు దూరమున లేవు. ఇండియన్ యాంటిక్వరీ బర్జెసు దొర సంపాదకత్వమున 1872లో మొదలై 1933లో నిలిచెను. 1938లో న్యూ ఇండియన్ యాంటిక్వరీ అను పేరుతో వేరొక పత్రిక, వేరొక మొదటి సంపుటముతో బయలుదేరెను. సూచీపత్రమున ఈ రెంటిని ఒక్కటిగా కలిపినచో ‘మొదటి సంపుటము’ అని పాదసూచికలో చదివిన విద్యార్థి 1872కు పోవలయునా 1938కి పోవలయునా తెలియక చిక్కుపడును. ఆంధ్రేతిహాస పరిశోధక మండలివారి కాకతీయ సంచిక (1935), రెడ్డి సంచిక (1947) అనునవి పేరునకు సంచికలు. వానిని త్రైమాసికపు సంఖ్యలలో ఒకటిగా వ్రాయరాదు. వానికి ప్రత్యేక గ్రంథములుగా సూచీపత్రమున స్థానమిచ్చి, పత్రికావివరణమున వానిని సూచించుట మేలు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము 1914లో బెజవాడయందు స్థాపింపబడెను. ఆ యుద్యమమునకు వాణియైన గ్రంథాలయ సర్వస్వము సైతము నడుమనడుమ నిలిచి మరల వెలువడినదే. గ్రంథాలయములకు పద్ధతులు నేర్పు పత్రికయే యిట్లుండగా, తక్కినవానిని గూర్చి చెప్పనేల?

ఈ యాఱింటికి తోడు వేరొక విభాగము కలదు. గ్రంథసూచీ లేఖనమునకు లోకమంతటను వాడబడు మార్క్ 21 అను పద్ధతియందు ప్రతి పత్రికావివరణమునకు 008 అను క్షేత్రమున రెండు స్థానములు ప్రత్యేకింపబడినవి. పదునెనిమిదవ స్థానము ఎంతకాలమునకొకసారి వెలువడునో తెలుపును. పందొమ్మిదవ స్థానము ఆ కాలము పాటింపబడునో లేదో తెలుపును. ఈ రెండవదానికి నాలుగు సంకేతములు కలవు: ‘ఆర్’ అనగా నియతము; ‘ఎన్’ అనగా నియమబద్ధమైన అనియతి; ‘ఎక్స్’ అనగా పూర్తిగా అనియతము; ‘యు’ అనగా తెలియనిది. నడిమి రెంటికిని గల భేదము సూక్ష్మమైనను ముఖ్యము. విద్యాలయపు సెలవులనుబట్టి యేటేట మే నెలలో వెలువడని మాసపత్రిక ‘ఎన్’ వర్గమునకు చెందును. ఎప్పుడు తప్పునో ముందే తెలియును. ధనము సమకూడినప్పుడెల్ల వెలువడు పత్రిక ‘ఎక్స్’ వర్గమునకు చెందును. మొదటిదానిని కంప్యూటరు ముందుగా ఊహింపగలదు. రెండవదానిని ఊహింపుమని దానిని నిర్బంధించుట వ్యర్థము.

కాగితపు కాలమున

కంప్యూటరునకు పూర్వము ఈ పని చేసిన పద్ధతిని తలంచుట అవసరము. ఏలనన నేటి సాఫ్ట్‌వేరు దానినే అనుకరించుచున్నది. 1924నుండి చెన్నపురి విశ్వవిద్యాలయ గ్రంథాలయమును తీర్చిదిద్దిన రంగనాథన్ పండితుడు పత్రికల నమోదునకు మూడు కార్డుల పద్ధతిని ఏర్పరచెను. మొదటి కార్డున వచ్చిన సంచికలు, చందా చెల్లింపులు నమోదగును. రెండవ కార్డు రావలసిన వారమునుబట్టి అమర్పబడి, రానిదానిని వెంటనే కనబఱచును. మూడవది విషయవర్గీకరణమునుబట్టి అమర్చిన సూచికార్డు; అందు ఏయే సంపుటములున్నవో, అనుబంధములు, సూచీపత్రములు ఎవ్వియో తెలియును.

ఇందలి యుక్తి ఏమనగా, ప్రాప్తియు నిరీక్షణమును వేర్వేరు కార్డులపై నుండుట. వచ్చినది వచ్చినట్లు ఒక చోట, రావలసినది వేరొక చోట. పెక్కు గ్రంథాలయములలో ఈ రెంటిని కలిపి ఒకే పట్టికగా వ్రాసిరి. పన్నెండు గడుల గీత గీసి, వచ్చిన నెలకు టిక్కు పెట్టి, రాని నెలను ఖాళీగా వదలిరి. ఆ ఖాళీకి అర్థమేమో వ్రాసినవానికి తెలియును. అతడు పదవీవిరమణము చేసిన పిమ్మట ఎవ్వరికిని తెలియదు. నేడు ఆ పట్టికలే కంప్యూటరునకు ఎక్కుచున్నవి. ఖాళీగడిని చూచి ‘వెలువడలేదు’ అని ఎక్కించుటకు ఆధారమేదియు లేదు.

సాఫ్ట్‌వేరు చేయు పని

మన దేశమున గ్రంథాలయములందు వాడబడు సాఫ్ట్‌వేరులలో కోహా, సోల్, ఈ-గ్రంథాలయ అనునవి ప్రసిద్ధములు. సోల్ గాంధీనగరమునందలి ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారిది. ఈ-గ్రంథాలయ కేంద్రప్రభుత్వపు జాతీయ సమాచార కేంద్రము వారిది. కోహా న్యూజిలాండు దేశమునందలి హోరోవెనువా గ్రంథాలయముకొఱకు నిర్మింపబడి 2000వ సంవత్సరారంభమున వాడుకకు వచ్చెను. మావోరీభాషలో కోహా అనగా కానుక యని యర్థము; పేరునకు తగినట్లు అది మూల్యము లేక లభించును. దానియందలి పత్రికావిభాగమును ఇచ్చట ఉదాహరణముగా గ్రహింతము. తక్కిన సాఫ్ట్‌వేరులలో పేర్లు మారినను ప్రశ్నలు ఇవియే.

కోహాయందు పత్రికకు రెండు పత్రములుండును. ఒకటి గ్రంథసూచీవివరణము, అది పత్రికను గూర్చిన సత్యము. రెండవది చందాపత్రము, అది మన గ్రంథాలయమునకును ఆ పత్రికకును గల సంబంధము. చందాపత్రమున మొదటి సంచిక తేది, ఎంతకాలమునకొకసారి వెలువడునది, చందా పరిమాణము, సంఖ్యాక్రమము, గడువుదినములు మొదలైనవి అడుగును. వానినిబట్టి ముందు రాబోవు సంచికను తానే ఊహించి, ‘రావలసినది’ అని వ్రాసికొనును. అది చేరినట్లు మనము తెలుపగానే దాని తరువాతిదానిని ఊహించును. చెప్పిన తేది గడచి, మనమిచ్చిన గడువుదినములును గడచినచో దానిని ‘ఆలస్యము’ వరుసలోనికి మార్చును. ఆ వరుసనుండి ప్రకాశకులకు జ్ఞాపకలేఖలు వ్రాయవచ్చును.

ఇది నియతపత్రికలకు అమృతము. అనియతపత్రికకు దీనినే యథాతథముగా వాడినచో ఫలితము విపరీతమగును. ఏటికి ఒకటియో రెండో వెలువడు పత్రికను, అట్టపై త్రైమాసికమని యున్నంతమాత్రమున, త్రైమాసికముగా నమోదుచేసితిమనుకొందము. మూడేసి నెలలకు ఒక ఆలస్యపు సూచన పుట్టుచుండును. ఇట్టి పత్రికలు ఇరువది యున్నచో ఆలస్యపట్టిక పుటలకొలది పెరుగును. చదువవలసిన యుద్యోగి మొదట విసుగుచెందును, పిదప ఆ పట్టికను తెఱచుటయే మానును. అప్పుడు నిజముగా అచ్చుపడి, తపాలాలో పోయిన సంచిక ఆ గుంపులో కనబడక పోవును. కొన్ని నెలలలోపల అడిగినచో ప్రకాశకులు వేరొక ప్రతిని పంపగలరు. మూడేండ్లకు అడిగినచో ప్రతులుండవు. పనికిరాని హెచ్చరికల మూలమున పనికివచ్చు హెచ్చరిక నశించుట ఇట్లు.

దీనికి నివారణము మూడు విధములు. ఆలస్యము మాత్రమే దోషమైన పత్రికకు దాని త్రైమాసికత్వమును ఉంచి, గడువుదినములను దాని యలవాటునుబట్టి పెంపవలయును. ఆఱునెలలు వెనుకబడు పత్రికకు 180 దినములు తగును. నియమబద్ధముగా తప్పు పత్రికకు సంఖ్యాక్రమమును పరీక్షించు పట్టికయందు వెలువడని నెలలను ముందే గుర్తింపవలయును. అచ్చట కోహా ఒక ప్రశ్న వేయును: తప్పిన నెలతోపాటు సంఖ్యయు తప్పునా, లేక సంఖ్య నిలిచి తరువాతి నెలకు వచ్చునా? మే నెలలో వెలువడని పత్రికకు జూన్ సంచిక ఆఱవదా, అయిదవదా అని దీని భావము. పాతసంచికలను చూచి ఉత్తరమీయవలయును, ఊహించి యీయరాదు. ఇక పూర్తిగా అనియతమైనదానికి కాలవిభాగము లేని ఆవృత్తిని ఎన్నుకొనవలయును. అప్పుడు సాఫ్ట్‌వేరు తరువాతి సంఖ్యను మాత్రము సిద్ధపఱచి, తేదిని మనకు వదలివేయును. దాని కొఱకు ఆలస్యపట్టిక పనిచేయదు గనుక, ఏటికి రెండుసార్లు ఇట్టి పత్రికల జాబితాను తీసి మనుష్యుడే చూడవలయును.

సంఖ్యాక్రమము

సాఫ్ట్‌వేరు సంఖ్యలను ఎట్లు లెక్కించునో తెలియనిదే సంయోగదోషము నివారింపబడదు. త్రైమాసికమును తీసికొందము. ఇందు రెండు గణకములు తిరుగును. సంచికాగణకము ప్రతి సంచికకు ఒకటి చొప్పున పెరిగి, నాలుగు దాటగానే ఒకటికి వచ్చును. సంపుటగణకము నాలుగు సంచికలకొకసారి ఒకటి పెరుగును. చందా సంపుటపు నడుమ మొదలైనచో ఆ సంగతియు చెప్పవలయును. మూడవ సంచికనుండి మొదలైనచో సంపుటగణకపు లోపలి లెక్కను రెండని వ్రాయవలయును. అట్లు వ్రాయనిచో సంపుటము మారవలసిన చోట మారక, రెండు సంచికల తరువాత మారును.

ఇప్పుడు పండ్రెండవ సంపుటము నడచుచున్నదనుకొందము. మూడవ, నాలుగవ సంచికలు కలసి యొక పుస్తకముగా వచ్చినవి. ఉద్యోగి దానిని మూడవదిగా నమోదుచేసెను. సాఫ్ట్‌వేరు నాలుగవదానికై ఎదురుచూచుచున్నది. తరువాత పదుమూడవ సంపుటపు మొదటి సంచిక చేరినది. తెరపై ‘12–4 రావలసినది’ అని యుండగా, అట్టను చూడక, చేరినట్లు గుర్తుపెట్టెను. నాటినుండి ప్రతి సంచికయు ఒక యడుగు వెనుకబడును; పదుమూడు–రెండు పదుమూడు–ఒకటిగా నమోదగును. కట్టుబడికి పంపునప్పుడు తెరను చూచి వెన్నుపై సంపుటసంఖ్యలు వేసినచో తప్పు తోలుపై బంగారు అక్షరములతో స్థిరపడును.

సరియైన మార్గమిది. జంటసంచిక రాగానే మూడవదాని సంఖ్యను ‘12వ సంపుటము, 3–4 సంచికలు’ అని దిద్ది, చేరినట్లు వ్రాయవలయును. అంతట సాఫ్ట్‌వేరు కల్పించు నాలుగవదానిని ‘వెలువడలేదు’ అను స్థితిలో నుంచి, ప్రక్కనున్న వివరణపు గడిలో ‘మూడవదానితో కలసినది’ అని తప్పక వ్రాయవలయును. ఆ వివరణము లేనిచో పై స్థితి అసత్యమగును. అనుబంధసంచికలకు కోహాలో ప్రత్యేకస్థానము కలదు. వానిని అందే చేర్చిన యెడల క్రమసంఖ్య చెడదు.

స్థితుల పేర్లలో వివేకము

సంచిక యొక్క స్థితిని తెలుపుటకు కోహా పలు పదములనిచ్చును. రావలసినది, చేరినది, ఆలస్యము, జ్ఞాపకలేఖ వ్రాయబడినది, వెలువడలేదు, నిలిచిపోయినది అనునవి కలవు. ‘లేదు’ అను దానిలో మరల భేదములు కలవు: ఎన్నడును చేరలేదు, ప్రతులు అమ్ముడుపోయినవి, పాడైనది, పోయినది. ఇన్ని పదములు ఏలయని కొందఱు విసుగుకొని, అన్నిటికి ఒక్కటే వాడుదురు. కాని పరిశోధకుని దృష్టితో చూచినచో ఒక్కొక్క పదము ఒక్కొక్క దారి చూపును. ‘ఎన్నడును చేరలేదు’ అనినచో సంచిక అన్యత్ర కలదు, వెదకవలయును. ‘పోయినది’ అనినచో మన వద్ద ఒకప్పుడు ఉండెను. పాతవ్యాసములలో మన ప్రతినుండి గ్రహించిన యుదాహరణములుండవచ్చును. ‘వెలువడలేదు’ అనినచో వెదకుటయే వ్యర్థము. ఈ చివరి మాట మిక్కిలి బరువైనది. ఒక గ్రంథాలయము దానిని వ్రాసినచో, ఆ సూచీపత్రమును నకలుచేసికొను పది గ్రంథాలయములు అట్లే వ్రాయును.

అందుచేత ‘వెలువడలేదు’ అని వ్రాయుటకు మూడు ఆధారములలో నొకటియైన ఉండవలయును: తరువాతి సంచికలో సంపాదకుని ప్రకటన, ప్రకాశకుల లేఖ, లేదా ముందువెనుక సంచికల పుటసంఖ్యలు తెగక సాగుట. మూడవది మన పండితులకు పరిచితమైన యుక్తియే. సంపుటమంతటికి పుటలు వరుసగా నున్నచో, రెండవ సంచిక 112వ పుటతో ముగిసి నాలుగవది 113తో మొదలైన యెడల, నడుమ మూడవది లేదనుటకు అది బలమైన సాక్ష్యము. తాళపత్రప్రతులందు పత్రసంఖ్యనుబట్టి లోపమును నిర్ణయించు న్యాయమే యిచ్చటను పనిచేయును. ఇట్లు నిర్ణయమైన సంగతులను సూచీవివరణమున 515 అను క్షేత్రమున వాక్యరూపమున వ్రాయవలయును; సంఖ్యాక్రమపు వికారములకై ఏర్పడిన చోటది. పూర్వపు కాలవ్యవధిని 321 యందును, మొదటి, కడపటి సంచికల వివరములను 362 యందును, పూర్వనామమును 780 యందును, ఉత్తరనామమును 785 యందును వ్రాయుదురు.

మాసములు, సంవత్సరములు

తెలుగుపత్రికలకు ప్రత్యేకమైన చిక్కు కాలగణనమునుండి వచ్చును. మన పత్రికలు పెక్కింటి అట్టలపై ఇంగ్లీషు మాసమునకు తోడుగా తెలుగు సంవత్సరము, మాసము అచ్చగుచుండెను. కొన్నిటిపై తెలుగు తేదియే యుండెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు భారతిని స్థాపించిన 1924 జనవరి రుధిరోద్గారి సంవత్సరమునకు చేరును. అదే 1924లో ఉగాది పిమ్మట రక్తాక్షి. కావున ఒకే ఇంగ్లీషు సంవత్సరమున రెండు తెలుగు సంవత్సరములును, ఒకే తెలుగు సంవత్సరమున రెండు ఇంగ్లీషు సంవత్సరములును కలియును. పైగా సంవత్సరనామము అఱువదియేండ్లకు మరల వచ్చును. ‘ప్రభవ’ అని మాత్రము వ్రాసినచో 1927–28యా, 1987–88యా అను సందేహము తీఱదు.

అధికమాసము మరియొక వికారము. 2023లో శోభకృత్ సంవత్సరమున శ్రావణము అధికమై రెండు శ్రావణములు వచ్చెను. తెలుగుమాసములనుబట్టి నడచు పత్రిక అట్టి సంవత్సరమున పదుమూడు సంచికలు వెలువరింపవచ్చును, పండ్రెండే వెలువరింపవచ్చును. పందొమ్మిదేండ్లలో ఏడు పర్యాయములు ఇట్లు జరుగును. కోహా ఇంగ్లీషు పంచాంగముననే లెక్కించును గనుక దీనిని ఊహింపజాలదు. కాని దానియందు ప్రకటనతేదికి ప్రక్కనే, ఆ తేదిని మాటలలో వ్రాసికొనుటకు వేరొక గడి కలదు. అట్టపై ఉన్నదానిని, ఉదాహరణమునకు ‘శోభకృత్ నిజశ్రావణము’ అని, ఆ గడిలో యథాతథముగా వ్రాసి, సరిపోవు ఇంగ్లీషు తేదిని లెక్కకొఱకు మొదటి గడిలో వ్రాయవలయును. ఒకటి సాక్ష్యము, రెండవది వ్యాఖ్యానము. వ్యాఖ్యానము సాక్ష్యమును తుడిచివేయరాదు.

పేరునకున్న సంవత్సరమును, నిజముగా అచ్చైన సంవత్సరమును ఇట్లే వేఱుచేయవలయును. ఎపిగ్రాఫియా ఇండికా సంపుటముల అట్టలపై రెండేండ్ల సంఖ్య యుండును; ఏలూరు శాసనము గల తొమ్మిదవది 1907–08 నాటిదిగా ప్రసిద్ధము. కొన్ని సంపుటములు ఆ పేరుగల యేండ్లు గడచిన చాలకాలమునకు పూర్తియైనవి. ఒక శాసనపాఠమును మొదట ఎవ్వరు నిర్ణయించిరి, ఎవ్వరి సవరణను ఎవ్వరు గ్రహించిరి అను వివాదములు వచ్చినప్పుడు ఈ భేదమే తీర్పు చెప్పును. సంచిక గ్రంథాలయమునకు చేరిన తేది మన లెక్కలో నున్నచో, అది ముద్రణకాలమునకు ఉత్తరావధిగా నిలుచును. పాతరిజిస్టరులందలి తపాలాముద్రల తేదులను కంప్యూటరునకు ఎక్కించుట వృథాశ్రమ కాదని దీనివలన తెలియును.

చందాధనము

ధనవిషయమున సంక్షేపముగా చెప్పవచ్చును. చందా పరిమాణమును కోహాలో సంచికల సంఖ్యచేతగాని, వారములచేతగాని, మాసములచేతగాని తెలుపవచ్చును. ‘నాలుగు సంచికలకు ఇంత’ అని ప్రకటించు పత్రికకు సంఖ్యనే ఎన్నుకొనవలయును. మాసములను ఎన్నుకొనినచో, రెండే సంచికలు వచ్చి సంవత్సరము ముగియగానే ‘చందా తీఱినది’ అని సూచన వచ్చును. కార్యవర్గము రావలసిన రెంటిని మఱచి మరల ధనము పంపును. సంవత్సరసభ్యత్వరూపమున ధనము గ్రహించు సభల పత్రికలకు మాసములే సరి. ఆ యేట ఎన్ని వెలువడినను సభ్యత్వము ముగియును. ఏది వర్తించునో పత్రిక లోపలి యట్టను చదివి నిశ్చయింపవలయును. 1960వ సంవత్సరపు శాసనముననుసరించి నడచు జిల్లా గ్రంథాలయ సంస్థలకు లెక్కల తనిఖీ కలదు. చెల్లించిన నాలుగింటిలో రెండే కలవేమని తనిఖీదారులు అడిగినప్పుడు, చందాపత్రమునందలి స్థితులును జ్ఞాపకలేఖల తేదులునే ఉత్తరము. పత్రిక కొంతకాలము మౌనము వహించినంతమాత్రమున చందాపత్రమును మూసివేయ బనిలేదు. మూసినను కోహాలో మరల తెఱవవచ్చును. చరిత్ర చెరుగకుండుట ముఖ్యము.

పాఠశాలలకు ఉపయోగము

ఇంత శ్రమ ఎవరికొఱకను ప్రశ్నకు పెదవేగియే చాలిన యుత్తరము. ఏలూరు ప్రాంతపు ఉన్నతపాఠశాలయందలి పండితుడొకడు విద్యార్థులకు తమ గ్రామపు శాసనమును చూపదలచెననుకొందము. చరిత్రగ్రంథపు పాదసూచికలో పత్రిక పేరు, మొదటి సంపుటము, పుటసంఖ్య కలవు. సూచీపత్రమున ‘మొదటి సంపుటము కలదు’ అని యున్నది. తెఱచి చూడగా ఆ పుటలు గల భాగము కట్టలో లేదు. సూచీపత్రము ‘మొదటి సంపుటము, కొన్ని భాగములు లోపించినవి’ అని ఏవి లోపించినవో తెలిపియుండినచో, అతడు నేరుగా వేరొక భాండారమునకు వ్రాసియుండును. 1918లో స్థాపితమై పాతపత్రికల నిధిగా పేరుగన్న వేటపాలెము సారస్వతనికేతనము వంటివి మనకున్నవి. ఒక గ్రంథాలయపు లోపము వేరొకదాని సమృద్ధిచే పూడవలయునన్నచో, లోపము ఎచ్చటనో మొదట సత్యముగా వ్రాసియుండవలయును. ‘కలదు’ అను అసత్యము ఆ మార్గమును మూసివేయును. ‘వెలువడలేదు’ అను అసత్యము శాశ్వతముగా మూసివేయును.

చిన్న గ్రంథాలయములు అన్ని పత్రికలను ఒక్కసారిగా కంప్యూటరునకు ఎక్కింప నక్కఱలేదు. నేడు వచ్చుచున్న అనియతపత్రికలను మొదట విభజించి, ఆఱు భేదములలో ఏది దేనిదో నిర్ణయించి, తగిన ఆవృత్తిని గడువును ఏర్పఱచుట మొదటి పని. పాతకట్టలను అలమరనుండి దింపి, రిజిస్టరును చూచికాక పుస్తకమునే చూచి, ఉన్న సంచికలను మాత్రము వ్రాయుట రెండవది. ఖాళీలకు కారణము నిశ్చయమగువఱకు ‘ఎన్నడును చేరలేదు’ అను స్థితినే ఉంచి, ఆధారము దొరకినప్పుడు మార్చుట మూడవది. జంటసంచికలకు, అనుబంధములకు, నామాంతరములకు ఒక వాక్యమైన వివరణము వ్రాయుట నాలుగవది. ఈ పనికి కంప్యూటరు నేర్చిన యువకుడును, పత్రికాచరిత్ర తెలిసిన పండితుడును కలసి కూర్చుండవలయును. యంత్రము రాబోవు సంచికను ఊహింపగలదు. వచ్చినది ఏదో, రానిది ఏలనో నిర్ణయించుట పుస్తకమును చేతబట్టి చూచినవాని పనియే.